పొర మాస్టారు ప్రేమానందం

నందిగామలో ప్రేమానందం మాస్టారితో ఏ మాట మొదలుపెట్టినా అది కడుపులో పొర దగ్గరికి చేరాల్సిందే. జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యారు గానీ, పెరిటోనియం అనే ఆ పొర మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఆదివారం చర్చి నుంచి వస్తూ మాంసం కొట్టు దగ్గర ఆగితే భార్య రత్నమణికి గుండె గుభేలుమనేది. మాస్టారు మేక పేగుల మీది పల్చటి పొరను వెలుతురుకెత్తి పట్టుకునేవారు.

"చూడవయ్యా, పేగులు పొట్టలో గుట్టగా పడుండవు. ఈ పొర మడతలే వాటిని పొట్ట వెనక గోడకి పట్టి ఉంచేది. నెత్తురు వచ్చేదీ వీటిలోంచే."

"కిలోనా, అరకిలోనా మాస్టారూ?" అనేవాడు కొట్టువాడు, వెనక జనాన్ని చూసి.

పొర గురించి ఎవరైనా ముక్క తప్పు చెబితే, పెళ్లి భోజనంలో చెయ్యి కడుక్కుని లేచైనా సరిదిద్దేవారు.

ఇంతలో జగ్గయ్యపేటలో ఒంటరిగా ఉండే రత్నమణి పిన్ని పుల్లమ్మకు కిడ్నీలు చెడిపోయాయి. పొట్టలోకి గొట్టం వేసి, ఇంట్లోనే రోజూ మందునీళ్లు ఎక్కించి దించాలన్నారు. ఒంట్లో మలినాన్ని వడగట్టేది ఆ పొరే.

"మీ కడుపులో పొర బాగుంటే చాలమ్మా," అన్నాడు డాక్టరు.

పుల్లమ్మ నొచ్చుకుంది. "నా కడుపులో ఎవరి మీదా ఏ పొరపొచ్చాలూ లేవండి. కావాలంటే మా వీధిలో అడగండి."

గొట్టమైతే వేయించుకుంది గానీ, నీళ్ల సంచి చూస్తే చాలు వణికిపోయి, తీసేయమని ఒకటే గోల. తీసేస్తే మనిషి దక్కదు. మాస్టారు పొద్దున్నే బస్సెక్కి జగ్గయ్యపేట పోవడం మొదలుపెట్టారు. పాఠం చెప్పి ముసలామె ప్రాణం తీస్తాడేమోనని రత్నమణి ఒకరోజు వెనకే వెళ్లింది.

గది తలుపు వేసి ఉంది. కిటికీ అద్దంలోంచి చూస్తే, మాస్కు కట్టుకున్న మాస్టారు నీళ్లు దించుతున్నారు.

"అత్తయ్యగారూ, ఈ పొర ఒకటే వరస."

"అదేంటి అల్లుడుగారూ, నిన్న రెండన్నారుగా. పొట్టగోడకి ఒకటి, పేగుల చుట్టూ ఒకటి."

"అవునా. సరే, ఆ రెంటి మధ్యా ఇసకుంటుంది."

"ఇసకుంటే పేగులు ఒరుసుకుపోవూ? ఉండేది జారుడు నీళ్లు. మీకు మతిమరుపు ఎక్కువైంది."

రత్నమణి కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది. నిద్రలో లేపి అడిగినా పొర విషయంలో తడబడని మనిషి ఆయన. దిద్దే హడావుడిలో పుల్లమ్మ సంచి వైపు చూడనేలేదు. అదేమో నిండిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో రత్నమణికి మొగుడి మీద ఇంత ముద్దు ఎప్పుడూ రాలేదు.

చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చుంది.

"పిన్నీ, ఆ పొర ఉండేది గుండెలోనే కదా?"

"నీ మొహం. ఈయనతో ఇన్నేళ్లుండి ఏం నేర్చుకున్నావే? ఇట్లా జరుగు, చెప్తా."

మాస్టారు చప్పుడు లేకుండా కొత్త నీళ్లు ఎక్కించడం మొదలుపెట్టారు.