పగలు గొంతెత్తని ఇల్లు

బిలాస్‌పూర్ దగ్గర లాల్‌ఖదాన్‌లో రైలు పట్టాలకి దగ్గరగా ఉన్న ఆ వీధిలో జగన్నాథం ఇల్లంటే అందరికీ తెలుసు. అదేమీ గొప్ప ఇల్లు కాదు, రెండు గదులూ ఒక వసారా. పగటి పూట దాని ముందు నుంచి వెళ్ళేవాళ్ళు గొంతు తగ్గించుకుని వెళ్ళేవారు, అందుకని తెలుసు. జగన్నాథం గూడ్సు బండి డ్రైవరు. రాత్రంతా బొగ్గు బండి నడిపి, తెల్లారేక వచ్చి పడుకునేవాడు. మళ్ళీ ఎప్పుడు పిలుపొస్తుందో ఎవరికీ తెలీదు. కాల్‌మాన్ సైకిలు మీద వచ్చి తలుపు కొట్టాడంటే లేచి స్నానం చేసి డ్యూటీకి పోవాల్సిందే. ఆ మధ్యలో దొరికిందే నిద్ర.

చిత్రమేమిటంటే, గోడకవతల బండి ఇల్లంతా అదిరేలా పోతున్నా ఆయనకి మెలకువ వచ్చేది కాదు. వంటింట్లో గరిటె జారితే వచ్చేసేది. మనిషి మాట వినపడితే మరీను. అందుకని ఆయన భార్య కనకం ఇల్లంతా ఒక పద్ధతిలో నడిపేది. కుక్కరు కొన్నారు గానీ అది ఈల వేస్తుందని అన్నం గిన్నెలోనే వార్చేది. పోపు వేసేముందు వంటింటి తలుపు దగ్గరగా వేసేది. కూరలమ్మే ఆవిడ ఆ ఇంటి ముందు కేకెయ్యకుండా గేటు మీద వేలితో తట్టేది. పిల్లలిద్దరూ, రమణబాబూ సౌభాగ్యా, చేతి సైగల్లోనే దెబ్బలాడుకుంటూ పెరిగారు. ఉప్పుకి ఒక సైగ, నీళ్ళకి ఒకటి, నీ సంగతి నాన్న లేచాక చెప్తానని ఒకటి. బడిలో పాఠం అప్పజెప్పమంటే సౌభాగ్య పెదాలు కదిలేవి, మాట వినపడేది కాదు. పంతుళ్ళు సిగ్గనుకున్నారు. సిగ్గు కాదది, అలవాటు.

కిందటేడు వానల్లో జగన్నాథం బండి దిగి, షహడోల్‌లో డ్రైవర్లు పడుకునే గదిలో పడుకున్నాడు. లేపడానికి వచ్చినవాడు ఎంత పిలిచినా లేవలేదు. కబురు పట్టపగలు వచ్చింది. కనకం కొంగూ, సౌభాగ్య చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చారు. పలకరించడానికొచ్చిన ఆడవాళ్ళు వీధిలోకి వెళ్ళాక, ఆ ఇంట్లో ఒక్క ఏడుపైనా బయటికి రాలేదేటని చెప్పుకున్నారు. కొందరు ఇంకో రెండు మాటలు కలుపుకున్నారు. అవి కనకం దాకా వచ్చాయి.

రమణబాబుకి తండ్రి బదులు రైల్వేలో పనిచ్చారు. అనూప్పూర్‌లో వేశారు. పెళ్ళాన్నీ చంటిదాన్నీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఇక ఇంట్లో ఉన్నది తల్లీ కూతురూ.

సౌభాగ్యకి బీయే అయిపోయింది. పొద్దున్నే పంపు దగ్గర నీళ్ళు పట్టేది, బొగ్గుల సిగిడి అంటించేది, వసారా తుడిచేది. మధ్యాహ్నం పక్కింటి నుంచి తెచ్చిన హిందీ పత్రిక చదివేది. తెలుగు పుస్తకమైతే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి, అందులో కథ ఎక్కడికి పోతుందో తెలిసేది కాదు. తల్లి ఇంకా తలుపు దగ్గరగా వేసే పోపు వేస్తోంది. ఇంకా గిన్నెలోనే అన్నం వారుస్తోంది. కూతురూ మునివేళ్ళ మీదే నడుస్తోంది. ఎవరి కోసం ఇలా నడుస్తున్నామని ఒక్కోసారి అడగాలనిపించేది. అడిగితే ఉన్న పద్ధతి కాస్తా పోతుంది, ఆవిడకి ఆయన దగ్గర్నుంచి మిగిలింది అదొక్కటే కదా అని ఊరుకునేది.

చలికాలంలో రమణబాబు వచ్చి, ఇద్దరు ఆడవాళ్ళు ఇక్కడ ఒంటరిగా ఏం చేస్తారు, ఇంటికి తాళం పెట్టి అనూప్పూర్ వచ్చెయ్యండి అన్నాడు. కనకం పప్పులో రాళ్ళేరుతూ కూర్చుంది. సౌభాగ్యే చెప్పింది, తోర్వాలో ఒక బడిలో పంతులమ్మ పురిటికి వెళ్ళింది, ఆ చోటుకి నన్ను రమ్మన్నారు అని. రమణబాబు, "అచ్ఛా, ఆ పని నిలబడితే ఉండండి. లేకపోతే మాత్రం హోలీకి నేనొచ్చి సామాను ఎక్కించీస్తాను," అన్నాడు. వాడు వెళ్ళాక కనకం కూతురి చెప్పులు రెండూ తడిగుడ్డతో తుడిచి గుమ్మం దగ్గర పెట్టింది. ఈ ఇల్లు విడిచి వెళ్ళడం ఆవిడకి ఇష్టం లేదని అలా తెలిసింది.

ఆ బడి బియ్యం కొట్టు మీద మేడలో ఉంది. పొడుగాటి హాలు ఒకటి, మధ్యలో బట్ట తెర. తెరకి ఇటు సౌభాగ్య రెండో తరగతి, అటు మూడో తరగతి. అటు పంతులమ్మ గొంతు కింద బియ్యం తూచేవాళ్ళకి కూడా వినపడేది. సౌభాగ్య మాట ముందు బెంచీ దాటేది కాదు. ముందున్న పిల్లలు విని వెనక్కి తిరిగి వెనకవాళ్ళకి చెప్పేవారు, వాళ్ళు ఇంకా వెనక్కి. ఆఖరి బెంచీకి చేరేసరికి అది వేరే పాఠం అయ్యేది. పెద్ద మేడమ్ కొన్నాళ్ళు చూసి, పిలిచి కూర్చోబెట్టి హిందీలో నెమ్మదిగానే చెప్పింది. నువ్వంటే పిల్లలకి ఇష్టమే, పాఠమూ బాగానే చెప్తున్నావు, కానీ మీ వెనక బెంచీవాళ్ళు పక్క తరగతి ఎక్కాలు నేర్చుకుంటున్నారు బేటీ. శనివారం వచ్చి వింటాను. అప్పటికీ ఇంతే అయితే వేరే అమ్మాయిని చూసుకోవాలి. ఇంట్లో గట్టిగా చదివి గొంతు చేసుకో, అంది.

ఆ మధ్యాహ్నం సౌభాగ్య వసారాలో నిలబడి హిందీ వాచకం తెరిచింది. ఊపిరి పీల్చుకుని మొదటి వాక్యం అంది. తనకే కొత్తగా ఉంది. రెండోది ఇంకాస్త గట్టిగా అంది. వంటింట్లోంచి కనకం గబగబా వచ్చింది, వేలు పెదాల మీద పెట్టుకుని.

"నెమ్మదిగానే. నాన్న లెగిసిపోతారు."

అనేసి అక్కడే నిలబడిపోయింది. వేలు పెదాల మీద నుంచి తియ్యలేదు. సౌభాగ్య పుస్తకం మూసింది. గోడవతల బొగ్గు బండి ఒకటి వచ్చి, పెట్టె తర్వాత పెట్టె, అంతా పోయిందాకా ఇద్దరూ కదల్లేదు. కనకం లోపలికి వెళ్ళి, కడిగేసిన బియ్యాన్నే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

సౌభాగ్య గుమ్మంలోకి వెళ్ళి, "అమ్మా, శనివారానికి గొంతు రాకపోతే అన్నయ్య దగ్గరికి పోవాలి," అంది.

"తెల్దేటి నాకు," అంది కనకం నీళ్ళల్లోకి చూస్తూనే.

పెరట్లోకి పోయి చదువుకోమంది. పెరట్లో అయితే నా మాట నాకే వినపడుతుంది, దూరంగా ఎవరో ఒకరు వినేవాళ్ళుండాలి అంది సౌభాగ్య. కనకం బియ్యం నీళ్ళు వంచింది. చేతులు తుడుచుకుంది. లోపలి గదిలోకి వెళ్ళి, ఆయన పడుకునే మంచం మీద కూర్చుంది. ఆయన పోయాక ఆ మంచం దుప్పటి దులపడమే గానీ దాని మీద ఎవరూ కూర్చోలేదు.

"ఇక్కడికి వినపడాల. చదువు," అంది.

సౌభాగ్య చదివింది. వినపడ్నేదు అంది లోపల్నుంచి. మళ్ళీ చదివింది. "వినపడ్నేదే!" ఆ మాట మాత్రం సౌభాగ్యకి బాగా వినపడింది. తల్లి అంత గట్టిగా అనడం ఎప్పుడూ ఎరగదు. ఆ వెంటనే ఎక్కడిదో కోపం వచ్చింది, తల్లి మీదో, బట్ట తెర మీదో, చదువుకునే రోజుల్లో తను కదిపిన పెదాల మీదో. పుస్తకం పక్కన పడేసి, తరగతిలో పిల్లల పేర్లు పిలవడం మొదలుపెట్టింది.

"మనీష్! శ్రీనిధి! ప్రత్యూష!"

గొంతు పగిలినట్టయింది. వీధి చివర కుక్క లేచి మొరిగింది.

పక్కింటి అచ్చియమ్మ పిండి చేతుల్తోనే పరిగెత్తుకుంటూ వచ్చింది. వెనకాల ఆవిడ మొగుడు సింహాచలం కర్ర పట్టుకుని వచ్చాడు. సింహాచలం షెడ్డులో ఫిట్టరు. ఇంజన్ల మధ్య సుత్తి దెబ్బలు విని విని చెవులు సగం పోయాయి.

"ఏటయిందొలే? పాము దూరిందేటి? ఎవర్ని పిలుస్తన్నావు, ఎవులే ఆ మనీషు?" అంది అచ్చియమ్మ ఒగర్చుతూ.

కనకం గుమ్మంలోకి వచ్చింది. "ఏటీ నేదు వదినా. మా సౌభాగ్య బడి చెప్తంది."

అచ్చియమ్మ తల్లి వంకా కూతురి వంకా చూసింది. ఈ ఇంటి పక్కన ఇన్నేళ్ళు కాపురం చేసి ఇంత కేక వినడం ఇదే మొదలు, గుండె జారిపోయిందమ్మా అంది. తర్వాత సంగతేమిటో అడిగి తెలుసుకుంది. తెలుసుకుని వసారా ఆ చివర చతికిలబడింది.

"అయితే నేను ఎనక బెంచీ. నాకు చదువు రాదు గానీ టీచరమ్మా, కొట్టకు మరి."

సింహాచలం కర్ర గోడకి ఆనించి పెళ్ళాం పక్కన కూర్చుని చెయ్యెత్తాడు. "నాకు వినపడిందంటే బిలాస్‌పూర్ మొత్తానికి వినపడినట్టేనమ్మా. చెప్పు," అన్నాడు.

సౌభాగ్యకి నవ్వొచ్చింది. కనకం మళ్ళీ లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుంది. సౌభాగ్య పుస్తకం తీసి నదుల పాఠం మొదలుపెట్టింది. సింహాచలం చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, ఊహూఁ, ఇంకా, ఇంకా అని చెయ్యూపుతున్నాడు. ఈ నది పేరేటి, సబ్బు పేరా అని అచ్చియమ్మ అల్లరి చేస్తోంది. పాఠం సగంలో ఉండగా లోపలి గదిలోంచి ఇంకో గొంతు వినపడింది. మొదట మూలుగులా ఉంది. తర్వాత ఏడుపు. కొంగు అడ్డం లేని ఏడుపు, గోడలు దాటి వీధిలోకి పోయే ఏడుపు.

సౌభాగ్య ఆగింది. అచ్చియమ్మ అల్లరి మానేసింది. పిండి ఎండిన చెయ్యెత్తి చదవమని సైగ చేసింది.

"ఆపకు. నువ్వు సదువు. ఆవిణ్ణి ఏడవనీ," అంది.

సింహాచలానికి లోపలి ఏడుపు వినపడలేదు. అతను చెవి వెనక చెయ్యి అలాగే ఉంచుకుని సౌభాగ్య నోటివంకే చూస్తున్నాడు. సౌభాగ్య చదివింది. ఏడుపు పెరిగితే తనూ పెంచింది. నదులన్నీ అయిపోయాయి, కొండల పాఠంలోకి వెళ్ళింది. లోపల నెమ్మదించాక ఆమె కూడా నెమ్మదించింది. అచ్చియమ్మ లేచి, లోపలికి వెళ్ళకుండానే, పిండి ఆరిపోయి ఉంటుందంటూ ఇంటికి పోయింది.

మర్నాడు కూడా మొగుడూ పెళ్ళాం వచ్చి అక్కడే కూర్చున్నారు. శనివారం నాటికి సౌభాగ్య గొంతు బొంగురుపోయింది. తరగతిలో అది తీయగా లేదు, అరిగిన చక్రంలా గరగరలాడింది. అయినా ఆఖరి బెంచీలో పిల్లాడొకడు, మేడమ్ ఇంకోసారి అని లేచి అడిగాడు. విన్నాడు గనకే అడిగాడు. పెద్ద మేడమ్ తెరకి అవతల నిలబడి విందట. సోమవారం నుంచి రోజూ రా, దారిలో అల్లం కొనుక్కుని వేడినీళ్ళలో వేసుకు తాగు అంది.

సోమవారం బడి నుంచి వచ్చేసరికి ఎండ వసారాలో సగం దాకా ఉంది. కనకం చాప మీద పడుకుని నిద్రపోతోంది. తల్లి పగలు పడుకోవడం సౌభాగ్య ఎప్పుడూ చూడలేదు. ఆయన పడుకున్నంతసేపూ ఆవిడ కాపలా, ఆయన లేచాక వంట. నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుంది.

సౌభాగ్య అన్నం పెట్టుకుని తింది. పళ్ళెం కడుగుతుంటే జారి గచ్చు మీద పడి గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది. తిరిగి చూసింది. తల్లి కదల్లేదు. గోడవతల నుంచి అచ్చియమ్మ, ఏటే టీచరమ్మా, ఉంచీసేరా తీసీసేరా అని కేకేసింది.

"ఉంచీసేరత్తా," అంది సౌభాగ్య, ఉన్నచోటి నుంచే, గోడ దాటేలాగ.

కనకం అటు తిరిగి పడుకుంది. మెలకువ రాలేదు.