బీరువాలోకి పాడించిన అన్న

నిన్న పొద్దున వాషర్‌మెన్‌పేట్ మార్కెట్‌లో టమాటాలు ఏరుతుంటే ఫోన్ వచ్చింది. ప్రకాష్ అన్న పోయాడు. గుండెపోటు.

నాకేం అర్థం కాలేదు. టమాటాలు తూకం వేయించుకుని ఇంటికి కూడా వచ్చేశాను.

సంచి కింద పెట్టాకే అన్న ఇంటికి పరిగెత్తాను.

అన్న మా పెదనాన్న కొడుకు. పని ప్రింటింగ్ ప్రెస్‌లో, ప్రాణం మాత్రం రికార్డింగ్‌లో. చూలై ఏరియాలో వాళ్ళిల్లు, అందులో బెడ్‌రూమే స్టూడియో. కింద లేత్ వర్క్‌షాప్, ఆ మిషన్ల మోత ఆదివారం కూడా ఆగదు. మధ్యాహ్నం వాళ్ళు భోజనానికి వెళ్ళే ఆ గంటే మాకు దొరికేది.

మొదటిసారి నేను పాడటానికి వెళ్ళినప్పుడు బట్టల బీరువా రెండు తలుపులూ బార్లా తెరిచి, దాని ముందు మైక్ పెట్టి, నా వెనక తాడు మీద బొంత వేలాడదీశాడు.

"తలకాయ బీరువాలో పెట్టి పాడాలా?" అని నవ్వాను.

"గది మధ్యలో చప్పట్లు కొట్టు పాపా" అన్నాడు. కొట్టాను. గదంతా ఖంగుమంది.

"ఇప్పుడు ఈడ కొట్టు."

బీరువా ముందు కొట్టాను. చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోయింది.

"చూసినావా? గది మోగితే నీ గొంతు ఎంత బాగున్నా డబ్బాలో పాడినట్టే ఉంటాది. ఈ గుడ్డలు ఆ మోతని తాగేస్తాయి."

ఆయన చొక్కాలు, వదిన చీరలు. నా పాటలన్నీ వాటికే పాడాను.

ఫ్యాన్ ఆపేవాడు. ఫ్రిజ్ ఆపేవాడు. మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోకుండా స్కూటర్ తాళం ఫ్రిజ్‌లో పెట్టేవాడు, బండి తీయాలంటే ఫ్రిజ్ తెరవాల్సిందే. అంతకుముందు ఒకసారి మర్చిపోయి వదిన చేపల పులుసు మొత్తం పాడుచేశాడు లెండి. ఆ తాళం ఐడియా వదినదే.

మా నాయనమ్మ పాడే లాలి పాట ఇప్పుడు మా ఇద్దరికే వచ్చు. నాయనమ్మ గొంతు ఎక్కడా లేదు, పాటైనా ఉండాలని రికార్డ్ చేయడం మొదలుపెట్టాం. అంతా అయిపోయింది, ఒక్క లైన్ తప్ప. ఆ లైన్ పాడేటప్పుడు నేను ఫోన్ వైపు చూశాను. చూసినట్టు గొంతులో వినిపిస్తోందట, మళ్ళీ పాడమన్నాడు.

"పరవాయిల్లే అన్నా, అట్నే ఉండనీ, ఎవురు ఇంటారు?" అన్నాను.

"నేను ఇంటాను గదా" అన్నాడు.

వచ్చే ఆదివారం అన్నాను. ఆ ఆదివారం వెళ్ళలేదు. తర్వాతి ఆదివారం చుట్టాలు. ఏం పొడిచానో ఆ రెండు ఆదివారాలు.

నిన్న అన్న ఇంట్లో ఒక పెద్దావిడ వదినతో అంటోంది: "పదకొండో రోజుకి ఆయన గుడ్డలన్నీ ఇచ్చేయాలమ్మా, ఇంట్లో పెట్టుకోగూడదు."

అన్న ఇంకా హాల్లోనే ఉన్నాడు. నాకు మాత్రం ఆ బీరువా గుర్తొచ్చింది. ఖాళీ బీరువా. నా మీద నాకే అసహ్యం వేసింది.

రాత్రి నిద్ర లేదు. పొద్దున్నుంచి ఇల్లంతా తిరుగుతున్నాను. ప్రతి గదిలో చప్పట్లు కొట్టి చూస్తున్నాను. వంటిల్లు మోగుతోంది. హాలు మోగుతోంది. మా ఇనప బీరువా ముందు కూడా కొట్టాను, అక్కడా అదే మోత. మా ఆయన పేపర్ దించి చూసి, మళ్ళీ ఎత్తాడు.

వదినకి మూడుసార్లు ఫోన్ చేసి, రింగ్ అవ్వకముందే కట్ చేశాననుకున్నాను.

ఆమే చేసింది.

"మూడు మిస్డ్ కాల్స్ ఏంది పాపా?"

ఏడుస్తూనే ఎలాగో అడిగాను. అడగకూడదు, తెలుసు. నిన్న పోయిన మనిషి ఇంట్లో పాట పాడతానని ఎవరైనా అడుగుతారా?

అవతల వదిన బీరువా తలుపు తీసిన చప్పుడు వినిపించింది.

"బీరువా తలుపు మీద చీటీ అంటించి పెట్టినాడు మీ అన్న" అంది. "'పాప, ఒక్క లైన్' అని రాసి ఉండాది. ఆదివారం ఒంటిగంటకి రా. గుడ్డలు ఆడనే ఉంటాయి. పెద్దోళ్ళకి నేను చెప్పుకుంటా. రికార్డ్ బటన్ ఏదో నాకు తెలుసు. తాళం ఫ్రిజ్‌లో నేనే పెడతా."

అన్నా, ఈసారి ఫోన్ ఇంట్లో పెట్టి వస్తాను. నీ చొక్కాల వైపే చూసి పాడతాను.

నిమ్మళంగా ఉండు. లేత్ ఆగి, ఫ్యాన్ ఆగి, ఫ్రిజ్ కూడా ఆగాక నువ్వు కళ్ళు మూసుకుని వినేవాడివే, ఆ నిశ్శబ్దం నీకు దొరకాలి.