కోతల పండుగల సదర్ సాబు సైకిలు

ఆ దినాలల్ల కామారెడ్డిల సైకిలు వస్తున్నదంటే జనం పక్కకు జరిగి తొవ్వ ఇచ్చేటోళ్లు. గౌరవం తోని కాదు, తొక్కేటోనికి ఆపుడు వచ్చునో రాదో అన్న భయం తోని. నేను అప్పుడప్పుడే సర్కారు బడిల పంతులుగ చేరిన. చేరిన అన్న మాటే గాని నౌకరి ఇంకా ఖాయం కాలె. ఖాయం కావాల్నంటే మా పెద్ద పంతులు పైకి ఒక మంచిమాట రాయాలె. ఆయనను అందరం సదర్ సాబు అనేటోళ్లం. ఆయనకొక ఇంగ్లాండు సీమ సైకిలుండేది. పొద్దున లేస్తే ముందు దాని మొఖం కడిగి, తరువాత తన మొఖం కడుక్కునేటోడు (వాళ్లింట్ల అమ్మ చెప్పిన మాట, నేను పుట్టించింది కాదు). దీపావళి సెలవులల్ల ఆ సైకిలు అడిగే ధైర్యం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ సమజ్ కాదు. ఆయన ఒక్క మాట అన్నడు: “దాని మీద గీత పడితే నీ నౌకరి మీద గీత పడ్డట్టే, చూసుకో.”

సైకిళ్ల మీద యాత్ర పోవాల్నన్న ఆలోచన మా కంపౌండర్ అన్నకు వచ్చింది. దవాఖానల మందులు కలిపేటోడు, క్రైస్తవుడు, నాకంటె నాలుగేండ్లు పెద్ద. ఎల్లారెడ్డి మీదికెళ్లి మెదకు పెద్ద చర్చి దాక పోదాం, నడుమ పాతగుళ్లన్నీ చూపిస్త అన్నడు (వాళ్లు చర్చిని గూడ గుడే అంటరు). నేను అప్పటిదాక చర్చి లోపల అడుగు పెట్టినోన్ని కాదు. బండ్ల బాట మీద ఎగిరెగిరి పడుకుంట పోయినం. గుడి కనబడితే చాలు ఆయన దిగేటోడు. ఇది కరువుల కట్టింది, రాళ్లు మోసినోళ్లకు కూలికి జొన్నలు కొలిచి పోసిన్రు, ఈ దూలం మంజీర అవతలి నుంచి వచ్చింది అని మొదలుపెట్టేటోడు. శిఖరం లేదు, ధ్వజస్తంభం లేదు, పెంకుటిల్లు తీరుగున్నది, ఇదేం గుడి అన్నా అంటే, ఆగు, లోపల సల్లగుంటది అనేటోడు. నిజమే, సల్లగుండేది. నేను మాత్రం గోడలకంటె సైకిలునే ఎక్కువ చూసిన. ఎల్లారెడ్డి దాటినంక ఆయన సైకిలుకు తుమ్మముల్లు దిగింది. నేను అతుకేసుకొని వస్త, నువ్వు ముందు ఊర్లె గుడికాడ కూసో, ఇయ్యాల కోతల పండుగ, బువ్వ గిట్ల దొరుకుతది అని నన్ను తోలిచ్చిండు.

ఆ గుడి చిన్నది, రాతిది. ముంగట సైకిలు ఆపంగనే పోరగాండ్లు మూగిన్రు. ఒకడు గంట కొడతడు, ఒకడు పెడలు తిప్పుతడు, ఇంకొకడు గోరుతోని రంగు గీకి చూస్తున్నడు. నా పానం పోయింది. చెప్పులు బయట ఇడిసి సైకిలును లోపలికి తోలుకపోయిన (చెప్పులు లోపలికి తేవద్దన్న ఇంగితం ఉన్నది గద, దానికే మెచ్చుకోవాలె). ముందల జొన్న కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు పెట్టి ఉన్నయి. వాటి నడుమ ఇంత జాగ కనబడితే అక్కడ నిలబెట్టి, రుమాలుతోని తుడిచి, గుడిల అలవాటు కొద్ది చేతులు జోడించి, వీపు చూపకుండ ఎనుకకు నడిచిన. అప్పటికే గుడినిండ జనం కూసోని ఉన్నరు. తరువాత ఒక ముసలవ్వ గట్టిగ స్తోత్రం అన్నది. అందరు లేచి చప్పట్లు కొట్టి పాట అందుకున్నరు. పార్థన నడిపే ఉపదేశి వచ్చి, సీటు మీద చెయ్యి పెట్టి, కండ్లు మూసుకొని ఏడ్చుకుంట పార్థన చేసిండు. బడి పంతులంటే పల్లెల ఇంత ఇజ్జత్ ఉంటదా అని నేను గూడ కండ్లు తుడుసుకున్న.

తరువాత కానుకల హర్రాజు మొదలైంది, ఒక్కొక్కటి వేలం పాడుతున్నరు. ముందు ఒక కోడి పోయింది, గుమ్మడికాయ పోయింది, ఆ తరువాత హర్రాజు పెట్టే మనిషొచ్చి సైకిలు హ్యాండిలు పట్టుకున్నడు. పక్కాయనను అడిగితే నింపాదిగ చెప్పిండు. కోతల పండుగ నాడు ముందల పెట్టిందేదైనా దేవుని కానుకేనట. పాడుకున్నోళ్లు బదులుగ ఒడ్లో జొన్నలో గుడికి ఇచ్చి తీసుకపోతరట. ఉపదేశి వారం వారం అయిదూర్లు కాలినడకన తిరుగుతడని, ఏడాది సంది ఆ ఊరంత ఒక సైకిలు కోసం పార్థన చేస్తున్నరట. ఇయ్యాల ఎవరో పుణ్యాత్ముడు అడగకముందే తెచ్చి పెట్టిండట. ఇంతల స్తోత్రం అన్న అవ్వ లేచి, తనకున్న ఒక్క బర్రెదూడ గుడికి ఇస్తనని, సైకిలు ఉపదేశికి ఇయ్యమని పాడింది. పోటీకి ఎవ్వరు రాలె.

నేను లేచి ఎట్ల చెప్పిన్నో, ఏం చెప్పిన్నో దేవునికే ఎరుక. సైకిలు నాది కాదు, సదర్ సాబుది, పోతే నా నౌకరి పోతది అన్న మూడు ముక్కలు మాత్రం బయటికి వచ్చినయి. అప్పుడే కంపౌండర్ అన్న చేతులకు మసితోని లోపలికి వచ్చి, సంగతి ఇని, గోడకు మొఖం తిప్పుకున్నడు (నవ్వుతున్నడని భుజాలను చూస్తే తెలిసింది). అవ్వ నా దగ్గరకు వచ్చింది. “దేవునికి పెట్టింది మల్ల అడుగుతవా కొడుకా?” అన్నది. కోపం లేదు, నిజంగనే అడిగింది. ఉపదేశి కాళ్లు చూసిన. మడిమెలు ఎండిన చెరువు తీరుగ పగిలి ఉన్నయి. ఆయనే సైకిలు నడిపించుకొచ్చి నా చేతికిచ్చి, “ఒకరి సొమ్ము ఇంకొకరు పెడితే కానుకెట్లయితది అవ్వా, పోనియ్యి” అన్నడు. మరి దూడను తోలుకపో అని పెద్దమనిషి ఒకాయన అంటే అవ్వ ఒప్పుకోలె. ఆ పిలగాడు తప్పిండని నేను తప్పుతనా అని దూడను గుడి ముంగట గుంజకు కట్టేసి పోయింది.

మెదకు పోయే మొఖం లేక ఎనుకకు మర్లినం. సదర్ సాబు సైకిలు చుట్టు రెండుమాట్ల తిరిగి చూసిండు, గీత లేదు. నా నౌకరి ఖాయమైంది. అది ఉపదేశితోని పార్థన చేయించుకొని వచ్చిన సైకిలని ఆయనకు బతికినన్నాళ్లు తెల్వలె.

కొన్నేండ్లకు, రెండో ప్రపంచ లడాయి దినాలల్ల, సైకిళ్లు దొరుకుడే గగనమైన కాలంల, నా జీతంతోని సైకిలు కొన్న. కొన్నాక సీద ఆ ఊరికే తొక్కిన. తొవ్వ పొడుగూత, సైకిలు కానుకిచ్చేటప్పుడు ఏం మాట్లాడాల్నో, వాళ్లు ఏమంటే నేను తల ఎట్ల దించుకోవాల్నో అన్నీ అనుకుంట పోయిన. ఊరు ఇంకింత దూరమున్నదనంగ ఎనుక నుంచి గంట కొట్టుకుంట ఒకాయన నన్ను దాటి పోయిండు. చూస్తే ఉపదేశి! ఊర్లెకు పోయి అడిగితే, అవ్వ ఇచ్చిన దూడ బర్రె అయిందట. గుడి బర్రె పాలు ఎల్లారెడ్డిల పోసి, ఆ పైసలతోని పాత సైకిలు కొన్నరట. అవ్వ గుడి ముంగటనే కూసోని ఉన్నది. నన్ను గుర్తు పట్టింది. నా సైకిలు కానుకియ్య వచ్చిన అని చెప్తే, బోసినోటితోని నవ్వి, చేసంచిల ఉన్న పేలాలు నా చేతుల పోసింది. “నువ్వు తెచ్చేదాంక దేవుడు ఆగుతడా కొడుకా?” అన్నది.

పేలాలు తినుకుంట అదే సైకిలు మీద ఇంటికొచ్చిన. ఎన్నో ఏండ్లు తొక్కిన దాన్ని. నా పైసలతోని కొన్నదే, అయినా ఎక్కినప్పుడల్ల ఎవరి దగ్గరనో ఎరువుకు అడిగి తెచ్చుకున్నట్టే ఉండేది. అంత దూరం ఎదురుగాలిల, మనసుల ఉపన్యాసం బట్టీ పట్టుకుంట, దేవునికే ఉపకారం చెయ్యవోయిన ఆ పడుసు పంతులును ఇప్పుడు యాది చేసుకుంటే పాపం అనిపిస్తది. నవ్వు గూడ వస్తది.