లాభం, రెండు, మూడు

కొవ్వు మీద ఉద్యోగకాలమంతా పనిచేశాను. అందులో ఎక్కువ భాగం ఎలుకల కొవ్వే. కరీంనగర్‌లోని మా ప్రయోగశాలలో ఆ మాటకు ఎవరూ నొచ్చుకునేవారు కాదు. మొదటిసారి మనుషుల దగ్గరికి వెళ్లింది డెబ్బైలలో, ఆసిఫాబాద్ దిక్కున ఒక ఊరికి. పంట చేతికొచ్చాక రైతు చర్మం కింద కొవ్వు ఎంత ఉంటుంది, వానకాలం పనుల్లో ఎంత కరుగుతుంది, మళ్లీ పంటకు ఎంత తిరిగొస్తుంది అన్నది నా ప్రశ్న. అవే మనుషులను మూడుసార్లు కొలవాలి. మూడోసారి కుదరకపోతే మొదటి రెండూ చెత్తబుట్టలోకే.

పంట చేతికొచ్చిన రోజుల్లో వెళ్లాను. మొదటి రోజు ఒక పెద్దరైతు ఇంటి అరుగు మీద కూర్చుని, "మీ ఒంట్లో కొవ్వెంతుందో కొలుస్తాను" అన్నాను. వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మాకు కొవ్వెక్కిందని సర్కారుకు ఎవలు జెప్పిండ్రు సారూ?" అన్నాడు ఒక నడివయసు రైతు.

"కొవ్వున్నోళ్లు తాలూకా ఆఫీసుల ఉంటరు. ఆడికి పో, మస్తు దొరుకుతది" అన్నాడు వెనకనుంచి ఇంకొకడు.

నేను వాళ్లను తిట్టినట్టయిందని తెలియడానికి కాస్త సమయం పట్టింది. అప్పుడు జొన్నలు పోసుకునే వెదురు గుమ్మి గుర్తొచ్చింది. పంట రాగానే గుమ్మి నింపుతారు, వానల్లో తీసి తింటారు, ఒళ్లూ అదే చేస్తుంది, నేను ఆ గుమ్మిని కొలుస్తాను అన్నాను.

గడప దగ్గర కూర్చున్న పెద్దరైతు తల్లి, "అట్లయితే గుమ్మి అను. గాయింత దానికి కొవ్వు గివ్వు అని లొల్లెందుకు?" అంది. అరుగు తనది కాబట్టి ముందు తననే కొలవాలంది. నా పరిశోధన మగవాళ్ల మీద. అయినా కొలిచాను. జబ్బ వెనక చర్మాన్ని వేళ్లతో పట్టి, గడియారంలా ముల్లు తిరిగే పట్టకారు ఆనించి, ఒక్కొక్కరికీ మూడుసార్లు చూసేవాణ్ణి. ఒకటి, రెండు, మూడు అని పైకే అనేవాణ్ణి.

వానకాలం చివర మళ్లీ వెళ్లి కొలిస్తే, నేననుకున్నట్టే అందరి ముల్లూ కిందికి దిగింది. నాకు తృప్తిగానే ఉంది. సామాను సర్దుకుంటుంటే ముసలమ్మ అడిగింది.

"నువ్వు కొల్సినంక అందరిది తగ్గింది. ఏందయ్యా గిది?"

"వానల్లో పని ఎక్కువ, తిండి తక్కువ. అందుకే అవ్వా."

"గది మాకెర్క లేదా? ఏటేటా బక్కగైతం. కల్లంల మొదటి కుంచాన్ని ఏమంటరు?"

నేనూ రైతు బిడ్డనే, గింజల లెక్క ఏ మాటతో మొదలవుతుందో తెలుసు. "లాభం" అన్నాను.

"మరి నువ్వేమన్నవ్?"

"ఒకటి."

"గంతే. గుమ్మి అన్నోనివి గుమ్మి తీరు కొల్వాలె గద. మల్ల ఇటు రాకు."

గుమ్మి అనే మాట తెచ్చింది నేనే. దానితోపాటు దాని నియమాలూ వస్తాయని అనుకోలేదు.

పంట ఇళ్లకు చేరాక మళ్లీ వెళ్లాను. ఈసారి లాభం అనే కొలుస్తానని చెప్పాను. ముసలమ్మ చేయి చాపింది. "ముందు నాది. నాది మల్ల నిండితెనే వీళ్లది."

అందరూ చుట్టూ చేరారు. "లాభం" అన్నాను. ముల్లు వానకాలం నాటి గీతకంటే ఇంకా కిందే ఆగింది. రెండోసారీ అక్కడే, మూడోసారీ అక్కడే.

"నిండిందా?"

నిండిందంటే పని అయిపోయేది. "లేదవ్వా, ఇంకా తగ్గింది" అన్నాను.

అప్పటికే అంగీ విప్పిన నడివయసు రైతు దాన్ని మళ్లీ తొడుక్కోబోయాడు.

"నీకేమైందిరా? ఇప్పు" అంది ముసలమ్మ, కొంగు సర్దుకుంటూ. "నాది పాత గుమ్మి, అడుగు చిల్లువడ్డది. లాభమన్నా నిండది, నష్టమన్నా నిండది. నీది జూస్కో."

అతన్ని కొలిచాను. ముల్లు మొదటిసారి వచ్చినప్పటి గీత దగ్గరికి ఎక్కింది. అతను మెడ తిప్పి దాన్ని చూసి, "అంటే ఇగ నాకు కొవ్వెక్కినట్టేనా సారూ?" అన్నాడు. ముసలమ్మే అందరికంటే ముందు నవ్వింది.

మిగతావాళ్లకూ దాదాపు అలాగే వచ్చింది. ఆ తర్వాత ఎలుకల కొవ్వు తూచేటప్పుడు కూడా మొదటిదాన్ని లాభం అనేవాణ్ణి. పక్కవాళ్లు అడిగితే అలవాటని చెప్పేవాణ్ణి. అచ్చయిన వ్యాసంలో ముసలమ్మ కొలతలు లేవు; అది మగవాళ్ల పట్టిక. నా డైరీలో మాత్రం మూడు విడతలవీ ఉన్నాయి. ఒక్కొక్కటీ అంతకు ముందుదానికంటే తక్కువ.