అతికించిన ముఖం

రాతిని పుట్టించి, కాలం అరగదీసినా కొంత మా చేతులదాకా మిగిల్చిన దేవునికి స్తోత్రం.

కరోనా ఆంక్షలు సడలిన ఏడాది వేసవిలో, హైడెల్‌బర్గ్ దగ్గరి చిన్న మ్యూజియంలో నాకు ఉద్యోగపు చివరి పనిగా పగుళ్లిచ్చిన ఒక రోమన్ రాతి పలకను అప్పగించారు. నేను రెస్టారేటర్‌ని, అంటే పాడైన ప్రాచీన శిల్పాలను బాగుచేసేదాన్ని. ఆ పలక మీద మిత్ర అనే దేవుడు ఎద్దును వధిస్తుంటాడు. పక్కన కాగడా పట్టుకుని ఒకడు నిలబడతాడు. రోమన్ సైనికులు ఈ దేవుణ్ణి నేలమాళిగల్లో కొలిచేవారు. సభ్యులకు ఏడు హోదాలుండేవి. లోపల జరిగింది బయట చెప్పేవారు కాదు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం, మా తెలుగు సంఘంలో ఆరాధన అయ్యాక వినోద్ నా పక్కన కూర్చున్నాడు. గుంటూరు అబ్బాయి, వాల్డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య సునీతకు నెలలు నిండుతున్నాయి. అద్దె ఇల్లు ఖాళీ చేస్తానని ఓనరు వెబర్ గారికి చెప్పబోతున్నానన్నాడు. ఆయన గోడ మీద కాంపస్, మూలమట్టం కలిసిన గుర్తు చూశాడట, ఫ్రీమేసన్లనే గుప్త సోదర సంఘానిది. లాడ్జి అని పిలిచే వాళ్ల సంఘశాఖ మిత్ర ఆరాధనకు రహస్య వారసురాలని వీడియోల్లో విన్నాడట.

"అలాంటి ఇంట్లో నా బిడ్డ పెరగాలా ఆంటీ?"

"ఆ బిడ్డకి ఉయ్యాల మోసుకొచ్చింది ఆయనే," అంది సునీత. "నువ్వు లిఫ్ట్ లేదని గొణుక్కుంటా వెనకాల ఎక్కావు. ఇప్పుడు ఇల్లు వదిలితే ఇంకోటి ఎక్కడ దొరుకుద్ది? నన్ను స్టేషన్లో కనమంటావా?"

మర్నాడు వినోద్‌ను మా పనిగదికి రమ్మన్నాను. కాగడా మనిషిని చూసి ఆగిపోయాడు. "ఆ ముఖం చూడండాంటీ, అందులోనే ఏదో ఉంది." ఆ ముఖం పంతొమ్మిదో శతాబ్దంలో ఎవరో ఊహించి అతికించిన సున్నపు ముద్ద. అసలు రాయి రంగే పూశారు కాబట్టి తేడా తెలియదు. ఇప్పుడు మేమలా చేయం. పగులు పూడ్చే సున్నాన్ని రాయికంటే ఒక ఛాయ లేతగా కలుపుతాం. దగ్గరికొస్తే ఏది పాతదో, ఏది మాదో కనబడాలి.

వినోద్‌కు అదే చెప్పి, వీడియోల్లో విన్నదీ అలాంటి అతుకేనన్నాను. మిత్ర ఆరాధన నాలుగో శతాబ్దానికల్లా క్షీణించింది. లాడ్జీలు పద్దెనిమిదో శతాబ్దంలో, తాపీ మేస్త్రీల సంఘాల ఆచారాలు అందుకుని విస్తరించాయి. మధ్యలో వెయ్యేళ్లకు పైగా ఖాళీ. దాన్ని కలిపే రాయి ఒక్కటీ నేను చూడలేదు. లాడ్జిలో నేను చేరను. నా దేవుని దగ్గరకు గుప్తమైన తలుపు లేదని నా విశ్వాసం. అయినా, తెలియనిది పొరుగువాడికి అంటగడితే అబద్ధ సాక్ష్యమే.

వినోద్ కాసేపు ఆ ముఖాన్నే చూసి, "సున్నానికి భయపడ్డానా?" అన్నాడు. సాయంత్రం వెబర్ గారినే అడిగాడు. బంగాళాదుంప సలాడ్ ఎవరికీ సరిగ్గా రాదనేదే లాడ్జిలో తాము దాచే సంగతని ఆయన చెప్పారట. ఇల్లు ఖాళీ చేసే మాట మళ్లీ రాలేదు.

పాప పుట్టాక కృతజ్ఞతా కూడికకు వెబర్ గారు వచ్చారు. మూడో పాటకు నావైపు వంగి, తమ లాడ్జిలో కూడా ఇంతసేపు కూర్చోబెట్టరన్నారు. సునీత బిర్యానీతో ఆయన్ను శాంతింపజేసింది.

దొరికినదాన్నీ మనం పూడ్చినదాన్నీ ఒకే రంగులో ఉంచకూడదన్నది మా వృత్తి నియమం. మనుషుల గురించి మాట్లాడేటప్పుడూ అదే వర్తిస్తుందని ఆ పనిలో నేర్చుకున్నాను.

చదివేవారు నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, పొరుగువారి గురించి మాకు తెలియని చోట మా ఊహతో ముఖం చెక్కకుండా మా చేతులను ఆపు. ఆమేన్.