రెండు కుప్పల మధ్య ఖాళీ గచ్చు

నా చిన్నప్పుడు దర్శిలో మా ఇంట్లో ఏ మూల చూసినా దూదే. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మేం దూదేకులవాళ్లం, ఉగాదికి పచ్చడీ చేస్తాం, పీర్ల పండక్కి మలీదా చేస్తాం, ఇంట్లో మాట్లాడేది మాత్రం తెలుగే. బళ్లో అన్నాలవేళకి రైతుల ఆడపిల్లలు ఒక గుంపు, సాయిబుల ఆడపిల్లలు ఒక గుంపు. ఇటు వెళితే "నువ్వు సాయిబుల పిల్లవి కదే, అటు పో" అనేవాళ్లు. అటు వెళితే "ఉర్దూ ముక్క రాదు, మాతో నీకేంటే?" అనేవాళ్లు. గోడవారన ఒక్కదాన్నే కూర్చుని తినేదాన్ని. ఒకరోజు, ఇక రేపట్నుంచి బడి మానేద్దామని గట్టిగా అనేసుకున్నాను.

ఆ రోజే మా సైన్సు మాస్టారు దువ్వెన తలకి రుద్ది, నేను తెచ్చిన దూది పింజల దగ్గర పెట్టారు. పింజలు ఎగిరొచ్చి అంటుకున్నాయి, కాసేపటికి వాటంతటవే దూరంగా ఎగిరిపోయాయి. విద్యుత్తు రెండు రకాలనీ, ఒకే రకానివి నెట్టుకుంటాయనీ, వేరు రకాలవి దగ్గరవుతాయనీ, దువ్వెనను తాకాక పింజ కూడా దాని రకమే అయిపోయిందనీ చెప్పారు. నా నోరు ఊరుకుందా! "అది తిరగబడితే బాగుండు మాస్టారూ, ఒకలాంటివన్నీ ఒకచోట ఉంటాయి" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. నాలాంటివాళ్లు ఎక్కడో గుంపుగా ఉండే ఉంటారని నా ఆశ.

మాస్టారు నవ్వలేదు. బడి వదిలాక వరండాలో కూర్చోబెట్టి, మిరపగింజలూ దూదీ కలిపి నా ముందు పోశారు.

"ఏదీ, నీ లోకం చేసి చూపించమ్మా."

గింజలన్నీ ఒక కుప్ప, దూదంతా ఒక కుప్ప చేశాను. నా లోకంలో వేరు రకాలవి నెట్టుకోవాలిగా, రెండు కుప్పల్నీ దూరం జరపమన్నారు మాస్టారు. చెరో మూలకీ జరిపాను.

"మధ్యలో ఏముంది?"

"ఏం లేదండి."

"అంతే. ఈ చెట్టయినా, ఈ బల్లయినా, నువ్వయినా నేనయినా రెండు రకాల విద్యుత్తూ కలిస్తేనే తయారయ్యేది. నీ లోకంలో మనం పుట్టనే పుట్టం" అన్నారు.

ఆ ఖాళీ గచ్చు చూసి ఏడుపొచ్చేసింది. గింజల చేత్తోనే కళ్లు తుడుచుకున్నాను, ఇంక చూడండి మంట! మాస్టారే చెంబుతో నీళ్లు తెచ్చి కళ్లు కడిగారు.

మర్నాడు బడికి వెళ్లాను. ఎవరూ పిలవలేదు. ఆ ఏడాదీ, మరుసటేడూ గోడవారనే తిన్నాను. మాస్టారి మాటతో ఒంటరితనం పోయిందంటే అబద్ధం, ఇప్పటికీ పోలేదు. నాలో ఏదో తక్కువైందనుకోవడం మాత్రం మానేశాను. బస్సుల్లో, పెళ్లిళ్లలో ఇప్పటికీ అడుగుతుంటారు, మీరు ఇటువాళ్లా అటువాళ్లా అని. "రెండూనండి" అని నా చోట నేను కూర్చుంటాను.