పనసకొయ్య పెట్టెలకు నేనిచ్చిన సర్టిఫికెట్

నేను రిటైరవడానికి ఏడాది ముందు, తమిళుల ఆడి మాసంలో, లాస్‌పేటలోని ఒక చిన్న స్పీకర్ల ఫ్యాక్టరీలో సీనియర్ టెస్ట్ ఇంజనీరుగా ఉండగా, పనసకొయ్య పెట్టెల జత ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. నా సంతకం లేకుండా ఏ స్పీకరూ గేటు దాటకూడదన్నది అక్కడి నియమం. అది నా గర్వం కూడా.

పెట్టెలు మా ఎండీ మేనమామ ఆర్. గోవింద రెడ్డియార్‌వి. బాహూరులో భూములున్న మనిషి. పెరట్లో పనసచెట్టు గాలికి పడిపోతే కోయించి, వీణలు చేసే ఆచారి చేతనే పెట్టెలు కట్టించారు. పలకలు అప్పడాల్లా పల్చగా ఉన్నాయి. వాటిలో మా స్పీకర్లు బిగించి, పరీక్షించి ఇమ్మని ఎండీ ఆర్డరు. రిటైరయ్యాక నన్ను రెండేళ్ళు సలహాదారుగా ఉంచుకోవాలా వద్దా అన్న ఫైలు కూడా అప్పుడు ఆయన దగ్గరే ఉంది. నాకది చాలా కావాలి. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ నాచేత రోజూ చిక్కుడుకాయలు ఒలిపిస్తుందని ఖాయంగా తెలుసు.

మేము పెట్టెలకు ఎం.డి.ఎఫ్. వాడతాం. అంటే కొయ్యపొట్టును జిగురుతో కలిపి నొక్కిన పలక. రెడ్డియార్‌కు అదంటే గిట్టదు.

"పొట్టులో యాడ సార్ నాదం వస్తాది? వీణ పనసతోనే గదా చేస్తారు," అన్నారు.

స్వీప్ టెస్టులో మంద్రం నుంచి కీచు దాకా ఒకే ధ్వనిని మెల్లగా పెంచుకుంటూ పోతాం. పెట్టె మీద అరచెయ్యి ఆనించి అదురు చూస్తాం. రెండు వందల హెర్ట్జ్ దాటగానే పెట్టె ఝుమ్మని అందుకుంది. స్విచ్ ఆపేశాను. అది మాత్రం ఇంకాసేపు పాడి గానీ ఊరుకోలేదు.

మర్నాడు రెడ్డియార్ భార్య జానకమ్మగారితో సహా వినడానికి వచ్చారు. నాదస్వరం వేశాం. ఆ ఒక్క స్వరం వచ్చినప్పుడల్లా పెట్టె తననూ కచేరీకి పిలిచారన్నట్టు గొంతు కలిపింది. రెడ్డియార్ కళ్ళు మూసుకుని తాళం వేశారు. తర్వాత వార్తలు పెట్టాం.

"ఏంది ఈ మనిషి, బిందెలో తల పెట్టి చదవతా ఉండాడు?" అన్నారు జానకమ్మగారు.

"సుమ్మా ఉండు. శ్రుతి దానంతటదే వస్తా ఉంది," అన్నారాయన.

లోపల అడ్డపట్టీలు కొట్టి, తారు షీటు అతికిస్తే అదురు అణుగుతుందని చెప్పాను. తన చెట్టు నోరు నొక్కడానికి ఆయన ఒప్పుకోలేదు. సాయంత్రంలోగా సంతకం పెట్టెయ్యమనీ, మామ మనసు నొప్పించవద్దనీ ఎండీ నన్ను పక్కకు పిలిచి చెప్పారు.

నాకు భయం వేసింది. గంటసేపు ఫారం ముందు కూర్చుని చివరికి రాశాను: "వాద్యంగా పాస్. స్పీకరుగా ఫెయిల్." సంతకం పెట్టాను.

ఎండీ చదివి ఫారాన్ని మామ చేతికిచ్చారు. రెడ్డియార్ రెండుసార్లు చదివి, మొదటి వాక్యం కింద గోటితో గీత గీసి, దాన్ని ఫ్రేము కట్టిస్తానన్నారు. ఫెయిలైన స్పీకరు గేటు దాటకూడదు కాబట్టి సెక్యూరిటీ అతను రిజిస్టరులో "వీణలు, రెండు" అని రాసుకుని పంపించాడు.

వారం తిరక్కుండా నాకు రెండేళ్ళ పొడిగింపు ఉత్తర్వు వచ్చింది. సిఫారసు రెడ్డియార్‌ది. అందులో మొదటి బాధ్యత, ఆయన పెరట్లో మిగిలిన దుంగతో, అడ్డపట్టీలు లేకుండా, ఇంకో జత చేయించడం.

వీణ పెట్టె పాడాలి, స్పీకరు పెట్టె ఊరుకోవాలి. ఈ తేడా నాకు ముందే తెలుసు. సలహాదారు ఈ రెండింటిలో ఏ పెట్టెలా ఉండాలో ఆ ఉత్తర్వు చదివాక తెలిసింది.